పన్నెండు వారాల తర్వాత మళ్లీ పరీక్షకు రక్తం ఇచ్చాను

నా మొదటి కాన్పు ముప్పై రెండో వారంలోనే చేయాల్సి వచ్చింది. బీపీ మందులకు లొంగలేదు, మూత్రంలో ప్రోటీన్ పోతోంది, ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి. తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా అన్నారు, అంటే గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగి అవయవాలను దెబ్బతీసే జబ్బు. పాప దక్కింది. చూడటానికి వచ్చిన వాళ్లలో చాలామంది మాత్రం "ఉప్పు తగ్గించి తిని ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు" అనే వెళ్లారు. ఆ మాట నన్ను చాలాకాలం కాల్చింది.

మా డాక్టరమ్మ ఉప్పు దగ్గర ఆగలేదు. 34 వారాల లోపు ఇలా జరిగితే, రక్తం గడ్డకట్టడాన్ని అదుపు చేసే ప్రోటీన్ల మీద శరీరం యాంటీబాడీలు తయారు చేస్తోందేమో చూడాలన్నారు. మాయ పైపొరను అనెక్సిన్ ఎ5 అనే ప్రోటీన్ కప్పి ఉంచి, అక్కడ రక్తం గడ్డకట్టకుండా కాపాడుతుందట. ఈ యాంటీబాడీలు ఆ పొరను చెదరగొడతాయన్నది శాస్త్రవేత్తలు చెప్పే కారణాల్లో ఒకటి.

పరీక్షలు మూడు: ల్యూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, యాంటీ బీటా-2 గ్లైకోప్రోటీన్. మొదటిదానికి నీలం మూత గొట్టంలో రక్తం తీస్తారు. అందులో రక్తం గడ్డకట్టనివ్వని సిట్రేట్ ముందే ఉంటుంది కనుక గీత వరకు నింపాల్సిందే, తక్కువైతే ఫలితం తప్పుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు వాడుతున్నవారు ఆ సంగతి ల్యాబ్‌లో తప్పక చెప్పాలి. రక్తం అతిగా గడ్డకట్టకుండా చూసే ప్రోటీన్ ఎస్ పరీక్ష మాత్రం అప్పుడే వద్దన్నారు. గర్భంతో ఉన్నప్పుడు అది అందరిలోనూ తగ్గుతుంది, కాన్పయ్యాక మామూలు స్థాయికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది.

మొదటి రెండూ పాజిటివ్ వచ్చాయి. నేను కుంగిపోయాను. ఒక్క రిపోర్టుతో జబ్బుకు పేరు పెట్టకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. ఇన్ఫెక్షన్ల తర్వాత ఇవి కొంతకాలం కనిపించి పోతాయి. ఏ ఇబ్బందీ లేకుండా కాన్పయిన ఆరోగ్యవంతుల్లోనూ కొందరికి తక్కువ స్థాయిలో ఉంటాయి. అందుకే 2006లో ప్రచురించిన అంతర్జాతీయ ప్రమాణాలు కనీసం 12 వారాల ఎడంతో రెండోసారి చూడాలంటాయి.

ఆ ఎదురుచూపే అన్నిటికంటే కష్టం. ఈలోగా ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వద్దన్నారు. రెండోసారి కూడా పాజిటివే వచ్చింది. ఈ యాంటీబాడీల వల్ల వచ్చే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అనే జబ్బని తేల్చారు. భయం వేసింది, దానితోపాటు తప్పు నా కంచంలో లేదన్న ఊరటా కలిగింది. బాలింతను నిందించే ముందు ఆమెకు ఈ పరీక్షలు చేయించమని అందరినీ వేడుకుంటాను.

రెండో గర్భం నిలవగానే తక్కువ మోతాదు ఆస్పిరిన్, రోజూ పొట్ట మీద ఎనాక్సాపారిన్ (ఒక రకం హెపారిన్) సూది మొదలయ్యాయి. చర్మం నల్లగా కమిలేది, రోజుకో వైపు మార్చి పొడుచుకోవడం అలవాటైంది. మాయకు రక్తం సరిగా అందుతోందా అని డాప్లర్ స్కాన్‌లు చేశారు. కాన్పు తేదీ ముందే ఖరారు చేశారు. మత్తు సూది వెన్నులో ఇవ్వాలంటే ఈ మోతాదు ఎనాక్సాపారిన్ ఆపి కనీసం 12 గంటలు గడవాలి, అందుకు ముందు రోజే మానిపించారు. నెలలు నిండాక బాబు పుట్టాడు. ఆ తర్వాతా ఆరు వారాలు సూదులు కొనసాగించారు, రక్తం గడ్డకట్టే ముప్పు గర్భిణి కంటే బాలింతకే ఎక్కువ కాబట్టి.