విశాఖ ఉక్కపోతలో అల్లం బీరు

అల్లం బీరు తయారీ గురించి ఎక్కడ చదివినా "సీసాల్లో పోసి గది వేడిమిలో 3 రోజులు ఉంచండి" అనే ఉంటుంది. ఆ గది ఇంగ్లండులోదో అమెరికాలోదో. అక్కడ 20 డిగ్రీలుంటే, మే నెలలో మద్దిలపాలెంలో కిటికీ మూసిన వంటిల్లు 34 దగ్గర ఉంటుంది. జనవరిలో తెల్లారినా పొంగని ఇడ్లీ పిండి మేలో రాత్రి 11కే గిన్నె దాటి గట్టు మీదికి వస్తుంది కదా, ఇదీ అంతే. పుస్తకంలో 3 రోజులన్నది ఇక్కడ ఒక్క రోజు తిరక్కుండానే అయిపోతుంది. మూడో రోజుకి మిగిలేది తుడవాల్సిన గోడలే. కాబట్టి గడియారాన్ని పక్కన పెట్టి పంచదార లెక్క పట్టుకోండి.

బీరు అన్నామన్న మాటే గానీ ఇందులో మాల్టు (మొలకెత్తించిన బార్లీ), హాప్స్ (బీరుకి చేదునిచ్చే పూలు) ఏవీ ఉండవు. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో అసలు బీరు కాయడం ఎక్సైజు నేరం, ఆ జోలికి పోవద్దు. అయితే అల్లం బీరులోనూ పని చేసేది యీస్టు అనే సూక్ష్మజీవే. పంచదార తిని గ్యాసుతో పాటు ఆల్కహాలూ వదులుతుంది. కూల్‌డ్రింకే కదా అని వదిలేస్తే అది కూల్‌డ్రింకుగా మిగలదు. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల ప్రకారం ఆల్కహాలు 0.5 శాతం దాటితే మద్యపానీయం. ఆ గీతకు ఇవతలే ఆగాలి.

లెక్క చూద్దాం. 4 గ్రాముల పంచదార పులిస్తే సుమారు 2 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరు నీళ్లలో 2 గ్రాముల గ్యాసుని బీరు కాసేవాళ్లు ఒక "వాల్యూమ్" అంటారు. బజారు సోడాలో మూడున్నర నుంచి నాలుగు వాల్యూములు, మామూలు లాగర్ బీరులో రెండున్నర దాకా ఉంటాయి. ఇక ఆల్కహాలు సంగతి: లీటరుకి 17 గ్రాముల పంచదార పులిస్తే 1 శాతం. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే, సోడా అంత గ్యాసు కోసం లీటరుకి 15 గ్రాములు పులవాలి. అప్పుడు ఆల్కహాలు 0.9 శాతం దగ్గరికి వెళ్తుంది, గీత దాటేసినట్టే. 8 గ్రాముల దగ్గర ఆపితే 2 వాల్యూముల గ్యాసు, అర శాతంలోపు ఆల్కహాలు. మనకు కావాల్సింది ఈ 8 గ్రాములే.

చిక్కెక్కడంటే, తీపి కోసం మనం వేసేది లీటరుకి 120 గ్రాములు. 8 గ్రాములు పులిశాక కూడా మిగతా 112 గ్రాములు యీస్టు ముందు వడ్డించిన విస్తరిలా ఉంటాయి. ఆపకపోతే లెక్క ప్రకారం 30 వాల్యూములు. ఏ సీసా తట్టుకోదు.

ముందు తోడు. పెరుక్కి తోడు ఎలాగో దీనికీ అలాగే. అర లీటరు గాజు సీసాలో కాచి చల్లార్చిన నీళ్లు 250 మిల్లీలీటర్లు, తొక్కతో సహా తురిమిన అల్లం 15 గ్రాములు, పంచదార 15 గ్రాములు వేసి, పలచటి గుడ్డ కట్టి, రోజుకి రెండు మూడుసార్లు కలపండి. రోజూ 10 గ్రాముల అల్లం, 10 గ్రాముల పంచదార చేర్చండి. మేలో రెండు మూడు రోజులకి, జనవరిలో అయిదారు రోజులకి తయారవుతుంది. చెంచా పెట్టి కలపగానే సన్నటి బుడగలు బుసబుసమని పైకి రావాలి, వాసన కల్లు ముంతని గుర్తు చేయాలి.

తొక్క ఎందుకు తీయకూడదంటే యీస్టూ, పులుపు బాక్టీరియా ఉండేది దాని మీదే. రైతుబజారులో పాడేరు, చింతపల్లి వైపు నుంచి వచ్చే అల్లం మట్టితో ఉంటుంది. దాన్నే తెచ్చుకుని, మట్టి పోయేంత మాత్రం కడగండి. పాలిష్ పెట్టినట్టు మెరిసే అల్లంతో తోడు చాలాసార్లు కదలదు. కుళాయి నీళ్లు నేరుగా వాడినా ఇదే తంటా. క్లోరిన్ ఊరి జనానికి మేలు చేసేదే గానీ తోడుకి కాదు. 10 నిమిషాలు మరిగిస్తే పోతుంది.

ఈ వేడిలో ఎక్కువగా ఎదురయ్యేది జిగురు. చెంచా ఎత్తితే తోడు బెండకాయ జిగురులా తీగ సాగుతుంది. ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియా పంచదారని డెక్‌స్ట్రాన్ అనే బంకగా మార్చడం వల్ల అలా అవుతుంది. విషమేమీ కాదు గానీ నోట్లో పెట్టుకోలేం. ఒక్కసారే పంచదార ఎక్కువ వేసి, కలపకుండా వదిలేస్తే ఇది యీస్టుని మించిపోతుంది. పారబోసి, సీసాని వేడినీళ్లతో కడిగి, ఈసారి పంచదార తగ్గించి, ఎక్కువసార్లు కలుపుతూ మళ్లీ మొదలుపెట్టండి. పైన తెల్లటి పలచని పొర కడితే తీసేసి వాడుకోవచ్చు. తరవాణి కుండ చూసినవాళ్లకి ఆ పొర కొత్త కాదు. పచ్చగానో నల్లగానో నూగు పడితే మాత్రం సీసా మొత్తం పారబోయాల్సిందే.

ఇక అసలు సరుకు, 2 లీటర్లకి: అల్లం 200 గ్రాములు, పంచదార 240, నిమ్మరసం 80 మిల్లీలీటర్లు, ఉప్పు చిటికెడు, వడకట్టిన తోడు 80 మిల్లీలీటర్లు. తోడు ఇంతకంటే పోయకండి. అందులో అప్పటికే కొంత ఆల్కహాలు ఉంటుంది, అదీ లెక్కలోకే వస్తుంది.

అల్లాన్ని రెండు వాటాలు చేయండి. 130 గ్రాములు కచ్చాపచ్చాగా దంచి లీటరు నీళ్లలో 15 నిమిషాలు మరిగించి, దింపాక పంచదార కలపండి. మిగతా 70 గ్రాములు పచ్చిదే మిక్సీ పట్టి, గుడ్డలో పిండి, రసాన్ని గాజు గ్లాసులో 20 నిమిషాలు కదపకుండా ఉంచండి. గ్లాసు అడుగున సున్నం పూసినట్టు తెల్లటి గట్టి పొర కనిపిస్తుంది. అది అల్లంలోని పిండి. పైతేట మాత్రం వంచుకుని పొర వదిలేయండి, లేకపోతే సీసా అడుగున బురదలా చేరుతుంది. అల్లం మొత్తం కాచేస్తే ఏమవుతుందని అడుగుతారు. పచ్చి అల్లం ఘాటు జింజెరాల్ అనే పదార్థానిది. కాచేకొద్దీ అందులో కొంత జింజెరోన్‌గా మారి మెత్తబడుతుంది, ఎండితే షోగాల్‌గా మారి పదునెక్కుతుంది. శొంఠి అందుకే చురుక్కుమంటుంది. కాచినదాంతో నాలుకకి రుచి, పచ్చిదాంతో ముక్కుకి వాసన, రెండూ కావాలి.

కషాయం వడకట్టి, చల్లటి నీళ్లతో 2 లీటర్లకి పెంచి, 35 డిగ్రీల లోపు చల్లారాకే నిమ్మరసం, పచ్చి అల్లం రసం, తోడు కలపాలి. వేలు పెడితే వెచ్చగా కూడా తగలకూడదు. వేడి మీద పోస్తే యీస్టు చస్తుంది, రెండు రోజులైనా సీసా మెత్తగానే ఉంటుంది. నిమ్మరసం రుచికోసమే అనుకుని తగ్గించకండి. చెడు బాక్టీరియాని దూరంగా ఉంచేది ఆ పులుపే. పులుపు కొలిచే పీహెచ్ కాగితం ఉంటే 4కి లోపు ఉందో లేదో చూసుకోండి.

పంచదార బదులు బెల్లమా? అనకాపల్లి పక్కనే ఉండగా ఈ ప్రశ్న రాకుండా ఉండదు. వేసుకోవచ్చు, 240కి బదులు 275 గ్రాములు. బెల్లంలోని ఖనిజాలు యీస్టుకి బలం, అందుకే ఇంకా తొందరగా పులుస్తుంది. కాచేటప్పుడు సున్నం వాడతారు కాబట్టి నిమ్మరసం ఇంకో 20 మిల్లీలీటర్లు పెంచాలి. మరీ పసుపుపచ్చగా మెరిసే బెల్లంలో రంగు కోసం వేసే హైడ్రోస్ అనే రసాయనం కలిపి ఉండొచ్చు, అది యీస్టుని అణిచేస్తుంది. గోధుమరంగు తినే బెల్లం చాలు. నల్లబెల్లం వద్దు, అది సారా బట్టీల సరుకు, కొనబోతే లేనిపోని ప్రశ్నలు.

సీసా విషయంలో మొహమాటం పనికిరాదు. సోడా లేదా కూల్‌డ్రింకు వచ్చిన ప్లాస్టిక్ సీసాలే వాడండి. మంచినీళ్ల సీసాలు ఒత్తిడికి చేసినవి కావు. గాజు పేలితే పెంకులు ఎగురుతాయి. గోలీసోడా సీసా చూస్తే చేయి లాగుతుంది గానీ అది ఇక్కడ పనికిరాదు. ఆ గోలీ రబ్బరు రింగుకి అతుక్కునేది లోపల అప్పటికే ఉన్న ఒత్తిడితో. సోడా మిషన్లో సీసాని తలకిందులు చేసి గ్యాసు పట్టించేది అందుకే. మన సరుకులో మొదట గ్యాసే ఉండదు, గోలీ పైకి లేవక సీసా మెడలోనే కిందికి జారి కూర్చుంటుంది.

పైన నాలుగు వేళ్లు ఖాళీ వదిలి మూత బిగించి, నీడలో బకెట్లో పెట్టండి. మేలో 8 గంటల తర్వాత ప్రతి 2 గంటలకి సీసాని బొటనవేలితో నొక్కి చూడండి. గాలి బాగా ఉన్న సైకిల్ టైరులా, గట్టిగా ఉంటూనే కొద్దిగా లోపలికి పోతే చాలు, ఆపేయాలి. కొత్త సోడా సీసాలా రాయి అయ్యేదాకా ఆగితే గీత దాటినట్టే. మేలో 10 నుంచి 18 గంటలు, జనవరిలో ఒకటిన్నర నుంచి రెండు రోజులు పట్టొచ్చు. సాయంత్రం సీసాలకెత్తితే అది గట్టిపడే వేళకి మీరు నిద్రలో ఉంటారు. తెల్లవారుజామున మొదలుపెట్టడం మేలు.

మధ్యలో మూత వదులు చేసి గ్యాసు వదలమని చాలామంది చెబుతారు. అది పేలుడుకి విరుగుడే గానీ లెక్కని చెడగొడుతుంది. గ్యాసు పోయినా ఆల్కహాలు సీసాలోనే ఉంటుంది. మూడుసార్లు వదిలి మళ్లీ గట్టిపడనిస్తే, చేతికి సీసా అదే గట్టిగా తగులుతుంది, లోపల ఆల్కహాలు మాత్రం మూడు నాలుగింతల దాకా పెరగొచ్చు. ఒత్తిడిని కొలబద్దగా వాడాలంటే మూత ముట్టుకోకూడదు. పొరపాటున రాయిలా అయిపోతే మాత్రం లెక్క సంగతి వదిలేసి, చల్లబరిచి మెల్లగా గ్యాసు తీసేయండి. ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ ఉన్నవాళ్లకి ఈ గొడవ లేదు. మొదట్లో 1.046 దగ్గర ఉన్నది 1.042కి దిగితే అర శాతం పూర్తయినట్టు. నమూనాలోని గ్యాసు పోయేదాకా గిలక్కొట్టాకే చూడాలి, లేకపోతే బుడగలు హైడ్రోమీటర్‌ని పైకెత్తి తప్పు చూపిస్తాయి.

ఆపడమంటే చల్లబరచడమే. వెచ్చటి లీటరు సీసా ఫ్రిజ్జులో పూర్తిగా చల్లబడటానికి గంటలు పడుతుంది, ఆ గంటల్లోనూ పులుస్తూనే ఉంటుంది. ముందు అరగంట ఐసునీళ్ల బకెట్లో ముంచి, తర్వాత ఫ్రిజ్జులో లోపలి గోడ వైపు పెట్టండి. 4 డిగ్రీల దగ్గర యీస్టు దాదాపు నిద్రపోతుంది, చావదు. అదే సీసాని మళ్లీ 30 డిగ్రీలకి తెస్తే కొత్తగా పులవకపోయినా ఒత్తిడి రెండింతలు దాటుతుంది, ఎందుకంటే వెచ్చటి నీళ్లు గ్యాసుని పట్టి ఉంచలేవు. హుద్‌హుద్ లాంటి తుపానుకి కరెంటు పోయిందంటే ఫ్రిజ్జులోని అల్లం బీరంతా ఆ రోజే తెరిచేయాలి.

తాగేముందు కనీసం 12 గంటలు చల్లగా ఉంచితే గ్యాసు ద్రవంలో సర్దుకుంటుంది. రెండు వంతుల అల్లం బీరుకి ఒక వంతు చల్లటి సోడా పోసుకోండి. 120 గ్రాముల తీపి 80కి దిగుతుంది, గ్యాసు పెరుగుతుంది, ఆల్కహాలు ఇంకా పలచబడుతుంది. సోడా కలపడం మోసమనేవాళ్లు ఉంటారు, అననివ్వండి. పిల్లల కోసమైతే తోడు పోయకముందే ఒక సీసా కషాయం విడిగా తీసి, నిమ్మరసం పిండి సోడాతో ఇవ్వండి. ఫ్రిజ్జులో వారం దాటి ఉంచకండి, రెండు రోజులకోసారి నొక్కి చూస్తుండండి. గ్లాసులోకి వంచేటప్పుడు అడుగున వేలెడంత మడ్డి వదిలేయండి. అందులో యీస్టు ఉంటుంది, తాగితే కడుపులో గడబిడ.