మాస్టారు చెప్పిన మార్జిన్లు

మా అప్లైడ్ ఆర్ట్ బ్యాచ్‌లో ఎవరు ఎవరికి ఎదురుపడినా మాటలు కాసేపటికి టైపోగ్రఫీ (అచ్చు అక్షరాల కూర్పు) మాస్టారి మీదకే పోతాయి. సిలబస్‌లో ఒక్క పేరా ఉన్న, యంత్రపు సరుకుకన్నా చేతిపనే మేలన్న ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఉద్యమాన్ని ఆయన టర్మంతా చెప్పారు. మిగతా పాఠాలు ఎప్పుడవుతాయో అని మాకు టెన్షన్. ఆయనకి మాత్రం చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు.

ఇంగ్లాండులో ఫ్యాక్టరీ సరుకు చూసి విసిగిన డిజైనర్ విలియం మోరిస్, విమర్శకుడు రస్కిన్ రాతల ప్రభావం, 1861లో పెట్టిన కంపెనీ, ఆ వాల్‌పేపర్లు... ఇదంతా పావుగంటలో తేల్చేశారు. అసలు పాఠం 1888 నవంబర్ 15 దగ్గర మొదలైంది. ఆ రోజు లండన్‌లో ఎమరీ వాకర్ ముద్రణ గురించి ఉపన్యసిస్తూ, పదిహేనో శతాబ్దపు పుస్తకాల్లోని అక్షరాలను లాంతరు స్లైడ్లతో పెద్దవి చేసి చూపించాడు. సభలో ఉన్న మోరిస్‌కి సొంతంగా అక్షరాలు చేయాలన్న పట్టుదల అక్కడే పుట్టింది. వెనిస్‌లో ముద్రాపకుడు జెన్సన్ 1470లలో వాడిన అక్షరాల ఫొటోలను పెద్దవి చేయించుకుని, వాటి మీద గీసి గీసి చేయి తిరిగాక గోల్డెన్ టైప్ అనే అక్షరాల వరుస గీశాడు. 1891లో హ్యామర్‌స్మిత్‌లో కెల్మ్‌స్కాట్ ప్రెస్ పెట్టాడు. “యంత్రాల్ని తిట్టినవాళ్లకి అక్షరం దిద్దించింది కెమెరానేరా!” అని మాస్టారు తెగ మురిసిపోయేవారు.

1896లో ఆ ప్రెస్ నుంచి వచ్చిన, పాతకాలపు ఇంగ్లీషు కవి చాసర్ రచనల సంపుటం గురించి చెప్పినప్పుడు మాలో ఒకడు లేచి నిలదీశాడు. బర్న్‌-జోన్స్ అనే చిత్రకారుడి బొమ్మలు 87, కాగితం ప్రతులు 425, ఒక్కోటి 20 పౌండ్లు. సోషలిస్టునన్న మోరిస్ వేసిన పుస్తకం ఏ కూలివాడు కొంటాడు సార్ అని. మాస్టారు మోరిస్‌ని వెనకేసుకు రాలేదు. “ఎవడూ కొనలేడు, కూర్చో” అన్నారు.

తర్వాత ఆ సంపుటం నకలు పేజీలు తెచ్చి, తీగల బొమ్మలున్న అంచులన్నీ తెల్లకాగితం ముక్కలతో మూసేసి “ఇప్పుడు చూడండి” అన్నారు. ఎదురెదురు పేజీలు రెండూ కలిసి ఒకటే అన్నది మోరిస్ లెక్క. కుట్టు వైపు మార్జిన్ అన్నిటికన్నా చిన్నది, పైది కొంచెం పెద్దది, బయటిది ఇంకా పెద్దది, కిందిది అన్నిటికన్నా పెద్దది. అక్షరం ఒక్కటీ లేకుండా ఉత్త బూడిదరంగు దిమ్మల్ని పేజీల మీద జరిపే పని మాకు వారాల తరబడి ఇచ్చారు. ఎంత విసుక్కున్నామో! ఇవాళ ఫోన్ స్క్రీన్ మీద లేఅవుట్ పెట్టేటప్పుడు కూడా నా చేయి ముందు వెతికేది ఆ దిమ్మనే.

మోరిస్ అంటే తీగలూ ఆకులూ అనుకునేవాళ్లతో నాకు పేచీ. ఆయన తర్వాతివాళ్లు మొదట వదిలేసింది వాటినే. వాకర్, పుస్తకాల బైండర్ కాబ్డెన్‌-శాండర్సన్ కలిసి 1900లో పెట్టిన డవ్స్ ప్రెస్ పుస్తకాల్లో బొమ్మల్లేవు, అంచుల్లేవు. ఉన్నదల్లా మంచి అక్షరం, దాని చుట్టూ తెలుపు. ఇద్దరికీ చెడ్డాక, ఆ టైపు, అంటే లోహపు అచ్చు అక్షరాలు, వాకర్ చేతికి పోకూడదని కాబ్డెన్‌-శాండర్సన్ రాత్రిళ్లు మోసుకెళ్లి వంతెన మీంచి థేమ్స్‌లో పారేశాడు. ఈ కథ చెప్పిన రోజు క్లాసులో ఎవరూ బెల్లు పట్టించుకోలేదు. 2014లో డైవర్లు 150 అచ్చు అక్షరాలు పైకి తీశారని చదివి, వెంటనే మా గ్రూపులో పెట్టాను.

నా మటుకు ఈ ఉద్యమానికి కాసిన అసలు పండు, చేతిరాత నిపుణుడు ఎడ్వర్డ్ జాన్‌స్టన్. స్కూలు నడిపే లెథబీ పిలిస్తే 1899 నుంచి లండన్ సెంట్రల్ స్కూల్లో వెడల్పు పాళీతో రాయడం నేర్పాడు. లండన్ అండర్‌గ్రౌండ్ భూగర్భ రైళ్ల కోసం ఆ సంస్థ అధికారి ఫ్రాంక్ పిక్ అడిగితే 1916 నాటికి అక్షరాలు గీసిచ్చాడు. రోమన్ శాసనాల కొలతలు, అలంకారం సున్నా. చిన్న ఐ మీద చుక్క మాత్రం గుండ్రంగా కాకుండా డైమండ్ ఆకారంలో ఉంటుంది, అచ్చం పాళీ ఆనించి తీసినట్టు. ఆయన శిష్యుడు ఎరిక్ గిల్ చేసిన గిల్ శాన్స్ అనే టైపు 1928లో వచ్చింది.

2016లో ఆ అండర్‌గ్రౌండ్ అక్షరాలకి నూరేళ్లు నిండినప్పుడు కొత్త రూపం తెచ్చి, హ్యాష్ (#), ఎట్ (@) గుర్తుల్ని కూడా చేర్చారు. అది జాన్‌స్టన్‌కి అపచారమని మా బ్యాచ్‌లో సగం మంది వాదన. కెమెరాతో మొదలైన పనికి ఫోన్ గుర్తులు ఎందుకు పనికిరావని నేనంటాను. ఈసారి కలిసినప్పుడూ ఈ గొడవ తప్పదు.