స్టూడెంట్ వీసా మీద డెలివరీ

దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీల చుట్టూ తిరిగే పిల్లలు లండన్ నుంచి వచ్చిన నన్ను కోర్సు సంగతి పెద్దగా అడగరు. "అన్నా, అక్కడ ఫుడ్ డెలివరీ చేసుకోవచ్చా?" అంటారు. నా జవాబు వాళ్లకు నచ్చదు.

యూకేలో డిగ్రీ, పీజీ చదివేవాళ్లు క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు ఉద్యోగం చేయొచ్చు. సూపర్‌మార్కెట్లో సరుకులు సర్దొచ్చు, హోటల్లో గిన్నెలు కడగొచ్చు. స్వయం ఉపాధికి మాత్రం స్టూడెంట్ వీసా ఒప్పుకోదు. డెలివరీ యాప్‌లేమో రైడర్లను సొంతంగా పని చేసుకునేవాళ్ల కిందే లెక్కగడతాయి. బిర్యానీ పార్సిల్ ఒకటే, వీధి ఒకటే. హోటల్‌వాళ్లు జీతానికి పెట్టుకుని పంపితే తప్పు లేదు. యాప్‌లో ఆర్డర్ తీసుకుని వెళ్తే ఒక్క గంటయినా వీసా ఉల్లంఘనే.

అయినా చేస్తారు. ఇంటి అద్దె ఆగదు కదా! ఇంకొకరి పేరు మీదున్న అకౌంటును వారానికింత అని అద్దెకు తీసుకుంటారు. విడ్డూరం ఏంటంటే, 2023 నవంబరులో డెలివరూ అనే ఫుడ్ డెలివరీ యాప్ రైడర్ల కేసులో యూకే సుప్రీంకోర్టు వాళ్లది ఉద్యోగ సంబంధం కాదంది. యూనియన్ ద్వారా కంపెనీతో బేరమాడే హక్కును వాళ్లు పట్టుబట్టి అడగలేరని తేల్చింది. రైడర్ తన బదులు మరొకరిని పంపుకోవచ్చన్న షరతే అందుకు ముఖ్య కారణం. రైడర్ల కేసును ఓడించిన ఆ షరతు చాటునే అకౌంట్ల అద్దె బేరం సాగింది. ఆ తర్వాత కంపెనీలు బదులు వచ్చేవాళ్ల పత్రాలూ చూడటం మొదలుపెట్టాయి. చిక్కితే మొదట పోయేది అద్దెకు తీసుకున్నవాడి వీసా.

చదువయ్యాక అక్కడే ఉండి పని చేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా నాకు వచ్చాక ఆ టెన్షన్ లేదు. అందులో స్వయం ఉపాధికి అడ్డు లేదు కాబట్టి లైసెన్సు తీసుకుని క్యాబ్ నడిపాను. అప్పటికే, 2021 ఫిబ్రవరి 19న, ఉబర్ డ్రైవర్లు 'వర్కర్లు' అని సుప్రీంకోర్టు తీర్పిచ్చేసింది. అంటే ఉద్యోగికీ సొంత పనివాడికీ మధ్య మెట్టు. కనీస వేతనం, సెలవు జీతం వస్తాయి. అన్యాయంగా తీసేశారని కేసు వేయడానికి మాత్రం ఉండదు. యాప్ ఆన్ చేసి ట్రిప్పులకు సిద్ధంగా ఉన్న సమయం కూడా పనే అంది కోర్టు. నేను నడిపిన యాప్ పేరెందుకు గానీ, ట్రిప్పు ఒప్పుకున్న దగ్గర్నుంచి దింపేదాకానే దాని లెక్క. హీత్రో ఎయిర్‌పోర్టు దగ్గర చలిలో కార్లో కూర్చున్న గంటల నష్టం నాదే.

మా చిన్నమ్మ కొడుకు కూకట్‌పల్లిలో బండి మీద ఆర్డర్లు తిప్పుతాడు. ఇదంతా విని, "మరి మాకొచ్చిన కొత్త చట్టంల ఏముందన్నా?" అన్నాడు. కేంద్రం 2020లో చేసిన చట్టం, సామాజిక భద్రతా కోడ్, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. యాప్ కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం ఈ పనివాళ్ల సంక్షేమ నిధికి కట్టాలి, అది పనివాళ్లకిచ్చే మొత్తంలో 5 శాతం దాటక్కర్లేదు. మన రాష్ట్రంలో 5 లక్షల ప్రమాద బీమా అని 2023 డిసెంబరులోనే ప్రకటించారు.

"ఆర్డర్ రాక కూసున్నదానికి?"

దానికేమీ లేదు. యజమాని–ఉద్యోగి సంబంధానికి బయట సంపాదించుకునేవాడే గిగ్ వర్కర్ అని కోడ్ ముందే గీత గీసేసింది. లండన్ డ్రైవర్లు ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడింది ఆ గీత ఎక్కడుండాలన్న దాని మీదే. బీమా, నిధి కావాల్సినవే, కాదనను. కానీ రోజు గడిచేది గంటల లెక్క మీద. దాన్ని వదిలేసి మిగతావి ఇవ్వడం నాకు సగం పనిలాగే కనిపిస్తుంది.

వాడూ పీజీకి యూకే అప్లై చేస్తున్నాడు. పేస్లిప్ ఇచ్చే పనే చూసుకోమన్నాను.

"నాకొచ్చిన పనే ఇది గదన్నా," అన్నాడు.