రాష్ట్రం ధాన్యం లారీని ఆపగలదా? 13వ భాగాన్ని నేను చదివిన తీరు

గ్రూప్-1 మెయిన్స్‌కు చదువుతున్న మిత్రులు దేశమంతటా వాణిజ్య స్వేచ్ఛ గురించి చెప్పే రాజ్యాంగంలోని 13వ భాగాన్ని చివరికి వాయిదా వేయడం శ్రీకాకుళంలో తరచు చూశాను. 301 నుంచి 307 వరకు అధికరణాలను బట్టీ పట్టడం ప్రిలిమ్స్‌కు సరిపోవచ్చు గాని, మెయిన్స్‌కు చాలదు. అందుకే ఒడిశా నుంచి ఇచ్ఛాపురం మీదుగా వచ్చే ధాన్యం లారీని ఊహించుకొని ఆ భాగాన్ని చదివాను.

ఆ లారీకి అడ్డుపడిన రాష్ట్ర చట్టం పన్ను వేస్తోందా, ఆంక్ష పెడుతోందా అన్నది ముందుగా తేల్చుకోవాలి. పన్నయితే 304(ఎ) ప్రకారం, బయటి సరుకుకూ ఇక్కడ పండిన అదే రకం సరుకుకూ మధ్య వివక్ష ఉండరాదు. ఆంక్షయితే 304(బి) ప్రకారం అది సహేతుకంగా, ప్రజాప్రయోజనం కోసం ఉండటమే కాక, బిల్లును సభలో పెట్టకముందే రాష్ట్రపతి అనుమతి పొంది ఉండాలి. ముందు అనుమతి లేకపోయినా తరువాత రాష్ట్రపతి ఆమోదం లభిస్తే చట్టం నిలుస్తుందని 255వ అధికరణం చెబుతుంది. దీన్ని చాలామంది వదిలేస్తారు గనుక తప్పక రాయండి. చట్టమే లేకుండా నోటిమాట ఆదేశంతో లారీని ఆపితే మాత్రం 304 రక్షణ దొరకదు.

కేసుల్లో అటియాబారి టీ కంపెనీ కేసును నిదానంగా చదవండి. రోడ్డు, జలమార్గాల్లో తీసుకెళ్లే తేయాకుపై అస్సాం వేసిన పన్నును, సరుకు రవాణాపై ఆంక్షగానే చూసి, రాష్ట్రపతి అనుమతి లేదన్న కారణంతో 1960లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అస్సాం అనుమతి తీసుకొని మళ్లీ చట్టం చేయగా, ఖైర్బారీ టీ కంపెనీ కేసులో అది నిలిచింది. అయితే 2016లో జిందాల్ స్టెయిన్‌లెస్ కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, వివక్ష లేని పన్ను, వాణిజ్య స్వేచ్ఛనిచ్చే 301వ అధికరణానికి విరుద్ధం కాదని 7:2 మెజారిటీతో తేల్చింది. కాబట్టి అటియాబారిని నేటి న్యాయసూత్రంగా రాస్తే మార్కులు పోతాయి.

ఇక కేంద్ర, రాష్ట్రాల మధ్య శాసనాధికారాలను పంచే ఏడో షెడ్యూలు. రాష్ట్రంలోపలి వాణిజ్యం, మార్కెట్లు రాష్ట్ర జాబితాలో ఉన్నా, ఆహారపదార్థాలు, ముడి పత్తి, ముడి జనపనార వ్యాపారం కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితా 33వ అంశంలోకి వస్తుంది; జూట్ మిల్లులున్న విజయనగరం జిల్లా వాళ్లకు ఇది గుర్తుండిపోతుంది. మార్కెట్ యార్డుల వెలుపలి అమ్మకాలపై రాష్ట్ర ఫీజును తొలగించిన 2020 నాటి కేంద్ర చట్టాన్ని ఈ 33వ అంశం బలంతోనే సమర్థించారు. 2021లో అది రద్దయింది గనుక, పార్లమెంటుకు ఆ అధికారం ఉందా లేదా అన్నది కోర్టు తేల్చలేదు. జవాబులో రెండు వాదనలూ రాసి, మీ మొగ్గు కూడా చెప్పండి. మార్కెట్లు రాష్ట్ర జాబితా 28వ అంశంగా రాష్ట్రానికి విడిగా దక్కాయి కాబట్టి, ఫీజుపై రాష్ట్రం మాటే నెగ్గాలన్నది నా అభిప్రాయం.