గీత పక్కన

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున ఐదున్నరకి అలారం మోగితే కట్టేసి మళ్లీ ముసుగు తన్నాను. చిన్నదే వచ్చి లేపింది. "అమ్మా, లేటయితే గ్రౌండ్ చుట్టూ ఐదు రౌండ్లు కొట్టిస్తారు." బడి రోజుల్లో దాన్ని లేపడానికి నేను పడే పాట్లు పగవాళ్లకి కూడా వద్దు. ఆదివారం మాత్రం అదే నాకు అలారం.

స్కూటీ మీద గ్రౌండ్‌కి వెళ్లేసరికి ఆరుంబావు. గడ్డి ఉన్న చోట తడి, లేని చోట ఎర్రమట్టి. సిమెంటు మెట్ల మీద నాలాంటి అమ్మలు ఐదారుగురు, ఫ్లాస్కులతో వచ్చిన నాన్నలు ఇద్దరు. ఈరోజు ప్రాక్టీసు కాదు, పిల్లల్లో పిల్లలకే రెండు జట్లు కట్టి ఫుట్‌బాల్ మ్యాచ్ పెట్టారు. మా దానికి పసుపు బనియను ఇచ్చి కుడివైపు చివరికి పొమ్మన్నారు కోచ్ గారు. రైట్ వింగ్. అది నా వైపు చూసిన చూపు ఇంకా కళ్లముందే ఉంది. దానికి నడిమధ్యలో నిలబడి గోల్స్ కొట్టాలని ఆశ. పదకొండేళ్లు. ఆ వయసులో అందరికీ అంతే అనుకుంటా.

మొదటి సగంలో దాని కాలికి బంతి నాలుగంటే నాలుగుసార్లు తగిలింది. నేనే లెక్కపెట్టాను. మిగతా సేపంతా గీత పక్కన నిలబడి, చెయ్యెత్తి, "ఇటు, ఇటు" అంటూనే ఉంది పాపం. పైగా కోచ్ గారు నిలబడింది కూడా అటువైపే. ఆయన ఎవరిని తిట్టినా ముందు దీని చెవిలో పడుతుంది. "నీ వెనకాల ఎవరున్నారో చూసుకో!" అని డిఫెన్స్‌లో ఉన్న పిల్లాడి మీద అరిస్తే, ఇది ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసింది. ఒకసారి కాదు, మూడుసార్లు. నాకు నవ్వాగలేదు. నవ్వినట్టు కనిపిస్తే ఇంటికెళ్లాక అన్నం మానేస్తుందని కొంగు అడ్డం పెట్టుకున్నాను.

ఇంటికొచ్చేదాకా ఒక్క మాట లేదు. ఇడ్లీ పిండి రాత్రే పులిసిపోయింది, ఊతప్పాలు పోశాను. మూడోది తింటుండగా నాన్న అడిగారు, "ఏ పొజిషన్‌లో ఆడించారే?"

"రైట్ వింగ్" అంది, అదేదో జబ్బు పేరు చెప్పినట్టు.

నాన్న చేతిలో గ్లాసు కింద పెట్టేశారు. "పీకే పొజిషన్!"

"ఎవరు తాతయ్యా? క్రికెటరా?"

అయిపోయింది. ఇక ఆ పూట కూరలకి వెళ్లినట్టే అనుకున్నాను.

నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్ల పైన చేశారు. షాపు జట్టులో ఆడేవారు కూడా. అందుకని భారత ఫుట్‌బాల్ ఆటగాడు పీకే బెనర్జీ గురించి ఎవరైనా చెబితే 1962 ఆసియా క్రీడల బంగారు పతకంతో మొదలుపెడతారు, మా నాన్న మాత్రం 1958 కలకత్తా లీగ్‌తో మొదలుపెడతారు. ఎందుకంటే అది గెలిచింది ఈస్టర్న్ రైల్వే. కలకత్తా ఫుట్‌బాల్ అంటే మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మడన్ స్పోర్టింగ్. ఆ మూడింటి మధ్యలోకి ఒక రైల్వే జట్టు దూరి లీగ్ పట్టుకుపోయింది. మళ్లీ ఆ మూడూ కాని జట్టు ఏదైనా ఆ లీగ్ గెలవడానికి 2019 దాకా ఆగాల్సి వచ్చింది. అరవై ఒక్క ఏళ్లు. 1958లో నాన్నకి పదకొండేళ్లు, ఇప్పుడు మా దాని వయసే. తాతగారు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో పేపరు చదివి వచ్చి, మన వాళ్లు గెలిచారని ఇంట్లో చెప్పారట. మన వాళ్లు ఎలా అవుతారు, వాళ్లెక్కడో కలకత్తా, మనం సికింద్రాబాద్, దక్షిణ మధ్య రైల్వే అప్పటికి పుట్టను కూడా లేదు. అయినా రైల్వే అంటే రైల్వేనే.

"ఆ జట్టులో రైట్ వింగ్ పీకే. ఇరవై రెండేళ్లు. జల్పాయిగురి దగ్గర మొయినాగురిలో పుట్టాడు, జంషెడ్‌పూర్‌లో పెరిగాడు. కుర్రాడిగా బిహార్‌కి సంతోష్ ట్రోఫీ, అదే రాష్ట్రాల మధ్య పోటీ, ఆడాడు. 1954లో కలకత్తా వచ్చి ఒక ఏడాది ఆర్యన్ క్లబ్బులో ఆడి, మరుసటి ఏడాది రైల్వేలో చేరాడు. అంతే! 1967లో బూట్లు విప్పేదాకా ఇంకో గుమ్మం తొక్కలేదు."

"పెద్ద క్లబ్బులు పిలవలేదా?" అని నేనే అడిగాను. ఎన్నోసారి అడగడమో. ఆ ప్రశ్న వస్తే నాన్న మొహం వెలిగిపోతుంది, అందుకని అడుగుతాను.

"ఉద్యోగం తల్లీ! రైల్వే ఉద్యోగం!"

ఆ రోజుల్లో ఆటకి జీతాలు లేవు. రైల్వేలో, పోలీసులో, మిల్లులో కొలువిస్తే ఆడేవాళ్లు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచిందంటే అదీ అలాంటి జట్టే. దాన్ని తయారుచేసింది మన రహీం సాబ్, సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులు. ఆయనే భారత జట్టుకీ కోచ్.

పీకే ఆట సగం రహీం చేతిలోనే గడిచింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్, మనకి నాలుగో స్థానం. 1960లో రోమ్, పీకే కెప్టెన్. ఫ్రాన్స్ మీద 1-1 డ్రా, మన గోల్ ఆయనదే. హంగరీ చేతిలో 2-1, పెరూ చేతిలో 3-1తో ఓడాం. ఆ రెండు మ్యాచుల్లోనూ మనకి గోల్ వేసింది మన అమ్ముగూడ కుర్రాడు, తులసీదాస్ బలరాం. ఇక్కడికి రాగానే నాన్న ప్రతిసారీ వేలితో కిటికీ వైపు చూపిస్తారు. అమ్ముగూడ నిజానికి అటు కాదు, వంటింటి వైపు. ఎవరం దిద్దం.

1962 జకార్తా ఆసియా క్రీడల కథని నాన్న గబగబా చెప్పేశారు, చిన్నది ఫోను చూడటం మొదలుపెట్టింది కాబట్టి. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో దెబ్బ తిన్నారు. తర్వాత థాయ్‌లాండ్, జపాన్, సెమీస్‌లో దక్షిణ వియత్నాం. సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్లీ అదే కొరియా. స్టేడియం మొత్తం మనకి ఎదురు. ఆ క్రీడలకి ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ రానివ్వకపోవడం మీద మన దేశపు అధికారి ఒకాయన మాట్లాడిన మాటలకి ఊరంతా మండిపడుతోంది. జర్నైల్ సింగ్ డిఫెండర్, తలకి కుట్లు పడ్డాయి, రహీం ఆయన్ని ముందుకి తెచ్చి నిలబెట్టారు. 17వ నిమిషంలో పీకే గోల్, మూడు నిమిషాలకి జర్నైల్ గోల్. చివర్లో కొరియా ఒకటి వేసింది. 2-1.

ఆ జట్టుని నడిపిస్తున్నప్పటికే రహీం సాబ్‌కి క్యాన్సర్. మరుసటి ఏడాది జూన్‌లో పోయారు.

ఇంత చెప్పి నాన్న ఎప్పుడూ అనే మాటే అన్నారు, "నేను ఆయన ఆట ఒక్కసారి కూడా చూడలేదనుకో." టీవీ లేదు, కలకత్తా వెళ్లే డబ్బుల్లేవు. పేపర్లో చదివిన ఆటగాడి మీద ఇంత భక్తి. గుళ్లో దేవుణ్ణయినా విగ్రహమైనా చూస్తాం.

మధ్యాహ్నం ఇస్త్రీ చేస్తూ నేను మిగతాది ఆలోచించుకున్నాను. నాన్న కథ ఎప్పుడూ 1967లో ఆగిపోతుంది, ఎందుకంటే ఆ తర్వాత అందులో రైల్వే లేదు. నాకు మాత్రం రెండో సగమే ఇష్టం. ఆడినంత కాలం పెద్ద క్లబ్బుల మెట్లెక్కని మనిషి, ఆట మానేశాక కోచ్‌గా ఈస్ట్ బెంగాల్‌నీ మోహన్ బగాన్‌నీ మార్చి మార్చి ఏలాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలకి భారత కోచ్, కెప్టెన్ మన హైదరాబాదీ నయీముద్దీన్, కాంస్యం వచ్చింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మన మగవాళ్ల జట్టుకి ఇంకో పతకం లేదు. 1972 నుంచి ఈస్ట్ బెంగాల్. 1975లో కలకత్తా టోర్నీ ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ ఫైనల్లో మోహన్ బగాన్ మీద 5-0. ఆ స్కోరు ఇప్పటికీ కలకత్తాలో కొందరికి పండగ, కొందరికి తద్దినం. అంత పని చేసినవాణ్ణి మరుసటి ఏడాదే ఎవరు పిలిచారు? అదే మోహన్ బగాన్! ఈయన వెళ్లాడు కూడా. రైల్వేని పన్నెండేళ్లు వదలని మనిషేనా అనిపిస్తుంది. బాధ్యతలు తీరాక మనిషికి కాళ్లు వస్తాయేమో. నా ఊహ ఇది, ఆయన చెప్పింది కాదు.

1977 సెప్టెంబర్‌లో పీలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చినప్పుడు మోహన్ బగాన్ కోచ్ ఈయనే. 2-2. మనవైపు గోల్స్‌లో ఒకటి మన మొహమ్మద్ హబీబ్‌ది. ఇది చెబితే మాత్రం నాన్న నా వైపు తిరుగుతారు.

ఆయన కోచింగ్‌కి కలకత్తా వాళ్లు పెట్టుకున్న పేరు వోకల్ టానిక్. మ్యాచ్‌కి ముందు ఆటగాళ్లని కూర్చోబెట్టి మాట్లాడితే బయటికి వచ్చేటప్పుడు వాళ్ల రక్తం మరిగేదట. 1997 జూలైలో ఫెడరేషన్ కప్ సెమీఫైనల్, సాల్ట్ లేక్ స్టేడియంలో లక్షా ముప్పై వేల పైచిలుకు జనం. అవతల మోహన్ బగాన్‌కి అమల్ దత్తా, ఆటగాళ్లని వజ్రం ఆకారంలో నిలబెట్టే ఆయన డైమండ్ పద్ధతి గురించే ఊరంతా మాట. ఇవతల ఈస్ట్ బెంగాల్‌కి అరవై ఒక్క ఏళ్ల పీకే. బైచుంగ్ భూటియా హ్యాట్రిక్, ఈస్ట్ బెంగాల్ 4-1. టానిక్ అంటే ఏం చెప్పేవాడో అసలు. ఇస్త్రీ పెట్టె ఆనించి అదే ఆలోచిస్తూ నిలబడితే మా ఆయన ఆఫీసు చొక్కా కాలర్ మాడబోయింది.

పొద్దున గ్రౌండ్‌లో చూసింది అప్పుడు గుర్తొచ్చింది. గీత పక్కన నిలబడినవాడికి కోచ్ మాటలన్నీ వినపడతాయి. తనవి, పక్కవాడివి, ఎవరివైనా. మధ్యలో ఆడేవాడికి ఆ తీరిక ఉండదు. ఏళ్లకేళ్లు రహీం సాబ్ మాటలు అలా చెవిన పడ్డ పీకే గీత దాటి ఒక్క అడుగు బయటికి వేసి కోచ్ అయ్యాడు, అంతే కదా. ఇది నాన్నకి చెబితే, "ఆటని నువ్వు కథలా చూస్తావు, అందుకే నీకు ఆఫ్‌సైడ్ అర్థం కాదు" అన్నారు. నిజమే, ఇప్పటికీ సరిగ్గా అర్థం కాదు.

పీకే పోయింది 2020 మార్చి 20న. శుక్రవారం. ఆదివారం జనతా కర్ఫ్యూ. టీవీల్లో మొత్తం కరోనానే, ఈ వార్త కింద పట్టీలో జారిపోయింది. నాన్న పట్టీ మళ్లీ వస్తుందని రిమోట్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. ఏప్రిల్ 30న చునీ గోస్వామి, జకార్తాలో కెప్టెన్, ఆయనా పోయారు. 2023 ఫిబ్రవరిలో బలరాం, ఆగస్టులో హబీబ్. నాన్న ఇప్పుడు పేపరు వెనక ఆటల పేజీ ముందు తిప్పరు. మొదటి పేజీ నుంచి నెమ్మదిగా వెళ్తారు.

సాయంత్రం చిన్నది గేటు గోడకి బంతి కొడుతూ కూర్చుంది. కింద ఇంటివాళ్లు ఒకసారి దగ్గారు, అంటే ఫిర్యాదు అన్నమాట. నాన్న కుర్చీ బయట వేయించుకుని, "ఎడమ కాలితో కొట్టు. కుడి కాలితో అందరూ కొడతారు" అంటున్నారు. కాసేపటికి అది నా దగ్గరకి వచ్చింది. నేను చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను.

"అమ్మా, సెకండ్ హాఫ్‌లో సైడ్లు మారాం కదా."

"ఆఁ."

"అప్పుడు సర్ ఆ చివర ఉండిపోయారు. నాకేం వినపడలేదు."

"హాయిగా ఉండి ఉంటుందే."

కాసేపు ఆలోచించింది. "బోర్ కొట్టింది" అని, గిన్నెలోంచి రెండు చిక్కుడు గింజలు తీసుకుని వెళ్లిపోయింది.

దాని మేజోళ్లకి ఎర్రమట్టి మరక రెండుసార్లు ఉతికినా పోలేదు. నానబెట్టాను. రేపు సోమవారం, లంచ్ బాక్స్‌కి చిక్కుడుకాయ కూరే.