మీరు ఫ్రేములో పడుతున్నారు ఆంటీ

పదకొండు దాటింది. ఆ కెమెరా పిల్లాడి మాట ఇంకా గుచ్చుతూనే ఉంది.

మా చిన్న మనవరాలి పుస్తకంలో పార్కు అంటే చెరువు, అందులో బాతులు. అందుకే పార్కుకని కర్నూల్లో కొండారెడ్డి బురుజు దగ్గర ఆటో దిగగానే "చెరువేది జేజీ?" అంది. విజయనగరం కాలం కోటలో మిగిలిన బురుజమ్మా ఇది, అలంపురం కొండారెడ్డిని నవాబు ఇక్కడే ఖైదు చేశాడంట, తుంగభద్ర కింద నుంచి గద్వాల దాకా సొరంగం ఉందంటారు అని కథ ఎత్తుకున్నాను. "సొరంగంలో నీళ్లుంటాయా?" అంది. దాని గోల దానిది.

చెట్టు పాదులో కాసిని నీళ్లు నిలిచి ఉంటే అదే చెరువనుకుని వేపాకులు వదులుతోంది. అప్పుడు అన్నాడు వాడు, పక్కకు జరగండి, ఫ్రేములో పడుతున్నారు అని. పెళ్లికి ముందే ఫోటోలంట. ఆ పిల్ల గౌను సగం పచ్చిక ఆక్రమించింది. ఇంకొకడు వెండి అట్ట పట్టుకుని దారికి అడ్డం. ఒకసారి జరిగాం. మళ్లీ జరగమన్నాడు. మూడోసారి "బురుజు కూడా జరగాలా నాయనా?" అనేశాను. ఊరందరిదీ కదా ఆ చోటు! జేజీ వయసులో ఆంటీ అన్నందుకైనా మెత్తబడాల్సింది, పడలేదు.

ఇంటికొచ్చి చెబితే ఆయన నవ్వి, "మన ఆల్బం ఉంటే నువ్వూ అర్థం చేసుకునేదానివి" అన్నాడు.

అవును, ఆల్బం. 2009 అక్టోబరు 2. ముందురోజే ఊళ్లో, 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన తేదీ అని చెప్పుకున్నాం. తెల్లారితే అటు తుంగభద్ర, ఇటు హంద్రీ, ఊరంతా వరద. మిద్దె మీద రెండు రాత్రులు. దిగి చూస్తే బియ్యం డబ్బా, బీరువా అన్నీ బురదే. బట్టలకు ఏడవలేదు. పెళ్లి ఆల్బం రొట్టెలా ఉబ్బింది. పేజీ విడదీస్తే ఆయన మీసం ఊడొచ్చి ఎదురు పేజీలో మా అత్త చెంపకు అంటుకుంది. మిగిలిన ఫోటోలు దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేస్తే తెల్లకాగితాలు మిగిలాయి. అత్త మాత్రం ఆ మీసం చూసి పడీపడీ నవ్వింది, అంత బురదలోనూ.

ఏమో, జరగాల్సిందేనేమో. ఆ పిల్ల గౌను ఎత్తి నడుస్తుంటే కింద హవాయి చెప్పులు కనబడ్డాయి, అంచుకు రెండు పల్లేరుకాయలు. పాపం, తన తిప్పలు తనవి. అయినా "దయచేసి" అంటే వాడి సొమ్మేం పోయింది?

మేం జరగకముందే ఒకటి నొక్కేశాడు వాడు. అందులో మా చిన్నది బురదకాళ్లతో పడే ఉంటుంది. ఇప్పుడు కంప్యూటర్లో మనుషుల్ని తుడిచేస్తారంట.