హన్నా మొక్కుకీ సమూయేలు జవాబుకీ మధ్య

తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో తల్లి వైపువారు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇచ్చే సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం), తండ్రి వైపువారు బాప్టిస్టులు అయితే బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే ఒక చర్చ మొదలవుతుంది. అయ్యగారితో మాట్లాడి బాప్తిస్మం ఇప్పిద్దామని అమ్మమ్మ అంటుంది. పసిగుడ్డుకు బాప్తిస్మమేమిటి, ఇప్పుడు ప్రార్థన చేయించి దేవునికి ప్రతిష్ఠ చేయిద్దాం, పెద్దవాడై ప్రభువును నమ్ముకున్నాక వాడే నీళ్లలోకి దిగుతాడని నాయనమ్మ అంటుంది. మా ఇంట్లోనూ ఇదే. నాకు లూథరన్ చర్చిలో పసితనంలోనే బాప్తిస్మం ఇచ్చారు. నా భార్య పెద్దయ్యాక బాప్టిస్టు సంఘంలో తీసుకుంది. ఆ పెద్దవాళ్లిద్దరి మాటలోనూ భక్తి ఉంది. అందుకే దీన్ని ఇంటి తగవుగా కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు.

మనం దేవుణ్ని వెదకకముందే ఆయన మనల్ని చేరదీస్తాడన్న నమ్మకం మీద శిశు బాప్తిస్మం నిలబడి ఉంది. పెంతెకొస్తు దినాన పేతురు ‘ఈ వాగ్దానము మీకును మీ పిల్లలకును’ అని ప్రకటించాడు. ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఆ రాత్రే తన ఇంటివారందరితో కలిసి బాప్తిస్మం పొందాడు. ఎనిమిదో రోజున సున్నతి పొందిన ఇశ్రాయేలు శిశువు దేవుని నిబంధన అంటే ఏమిటో తెలుసుకుని అందులో చేరలేదు కదా! లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ పుట్టిన మర్నాడే, 1483 నవంబరు 11న, బాప్తిస్మం పొందాడు. ఆ రోజు పరిశుద్ధ మార్టిన్ పండుగ కనుక ఆ పేరే పెట్టారు. తరువాతి కాలంలో సందేహాలు చుట్టుముట్టినప్పుడు ‘నేను బాప్తిస్మం పొందినవాణ్ని’ అని తనకు తానే చెప్పుకునేవాడు. తనకు జ్ఞాపకమైనా లేని దినాన దేవుడు చేసినదాన్ని పట్టుకుని నిలబడ్డాడు. నా విశ్వాసం నీరసించిన రోజుల్లో నన్ను నిలబెట్టింది కూడా ఇదే.

ప్రతిష్ఠ చేసే సంఘాల మనసు తెలియాలంటే మన ఒంగోలు చరిత్ర చూడాలి. 1876-78 కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి పని కల్పించారు. వారిలో ఎందరో బాప్తిస్మం అడిగారు. కరువు పని నడిచినంత కాలం ఆయన ఇవ్వలేదు. కూలికోసం, గింజలకోసం చేరారన్న మాట ఎవరి మీదా పడకూడదన్నది ఆయన పట్టుదల. సహాయం ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మ నది నీళ్లలో బాప్తిస్మం పొందారు. విశ్వాసాన్ని ఎవరికి వారే నోరారా ఒప్పుకోవాలి, తండ్రి ఒప్పుకోలు కొడుకుది కాదు అన్న నియమానికి అక్కడ ఉన్న బరువు నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. పసిబిడ్డ తరఫున ఆ ఒప్పుకోలు మరొకరు చెప్పకూడదు కాబట్టే ఈ సంఘాల్లో పాస్టరు గారు బిడ్డను చేతుల్లోకి తీసుకుని ప్రార్థించి, ఆశీర్వదించి, తల్లిదండ్రుల చేత మాట తీసుకుంటారు. యేసు ప్రభువు చిన్నబిడ్డలను ఎత్తి కౌగిలించుకుని చేతులుంచి ఆశీర్వదించాడని మార్కు రాశాడు. అక్కడ నీళ్ల ప్రస్తావన లేదని వీరు గుర్తుచేస్తారు.

ఆదిసంఘంలో ఏం జరిగిందో చూస్తే తేలిపోతుందని కొందరు అంటారు. తేలదు. క్రీ.శ. సుమారు 200లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజీ నగరంలో టెర్తుల్లియన్ అనే వేదాంతి పిల్లలకు తొందరపడి బాప్తిస్మం ఇవ్వవద్దని రాశాడు. అంటే అప్పటికే ఇస్తున్నారన్నమాట. యాభై ఏళ్ల తరువాత అదే నగరపు బిషప్పు సిప్రియన్‌తో పాటు సభలో కూర్చున్న 66 మంది బిషప్పులు శిశువు బాప్తిస్మానికి ఎనిమిదో రోజు దాకా ఆగనవసరం లేదన్నారు. మోనికా వంటి భక్తురాలి కొడుకై, తరువాత గొప్ప వేదాంతిగా పేరుపొందిన అగస్టీన్ మాత్రం 387 ఈస్టరుకు గాని బాప్తిస్మం పొందలేదు.

ఇంతకీ ప్రతిష్ఠ ఆరాధనలో ఎక్కువగా చదివేది, బిడ్డలు లేక దేవునికి మొక్కుకుని సమూయేలును కన్న హన్నా మాటలు: ‘కాబట్టి నేను ఆ బిడ్డను యెహోవాకు ప్రతిష్ఠించుచున్నాను’ (1 సమూయేలు 1:28). ఈ వచనాన్ని మనం చాలా తేలికగా చదువుతున్నామని నా బాధ. హన్నా ఆ మాట పలికి బిడ్డను చంకనెత్తుకుని ఇంటికి రాలేదు. ఏళ్ల తరబడి ఏడ్చి అడుక్కున్న కొడుకును, పాలు మాన్పించిన వెంటనే, షిలోహు మందిరంలో వదిలి వెళ్లింది. ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టుకుని వచ్చి ఇచ్చింది. పెరిగే పిల్లవాడి కొలత ఊహించి కుట్టి ఉంటుంది. వాణ్ని ఇంజనీరు చేయాలి, అమెరికా పంపాలి అని మనసులో ముందే రాసిపెట్టుకుని చర్చిలో మాత్రం ప్రతిష్ఠించామంటే, ఆ మాటను వెనక్కి తీసుకున్నట్టే.

అక్కడితో ఆగకుండా మూడో అధ్యాయం దాకా చదవాలి. అంత మొక్కు మొక్కి ప్రతిష్ఠించిన సమూయేలు, మందిరంలోనే పరిచర్య చేస్తూ, దేవుని నిబంధన పెట్టె అయిన మందసం ఉన్న చోటే పడుకుంటూ కూడా, ‘అప్పటికి యెహోవాను ఎరుగకుండెను’ (3:7). అదే మందిరంలో పెరిగిన, అక్కడి యాజకుడు ఏలీ కుమారులు హొఫ్నీ, ఫీనెహాసుల గురించీ గ్రంథం ఇదే చెబుతుంది. వాళ్లు చివరిదాకా ఎరుగలేదు. తల మీద నీళ్లు పడిన బిడ్డకైనా, ప్రార్థన పొందిన బిడ్డకైనా ఈ రెండు దారులూ తెరిచే ఉన్నాయి. ఏ సంస్కారమూ ఒకదాన్ని మూసేయదు.

కాబట్టి నాకు కోపం వచ్చేది రెండు చోట్ల. ఒకటి శిశు బాప్తిస్మం ఇచ్చే మా వైపు: బాప్తిస్మం రోజున ఫంక్షన్ హాలు, వందలమందికి భోజనాలు, ఫొటోలు. జ్ఞానతండ్రిగా, జ్ఞానతల్లిగా నిలబడినవాళ్లు మళ్లీ ఆ బిడ్డ ముఖం చూడరు. ఆ బిడ్డ పెద్దయ్యాక తన విశ్వాసాన్ని తానే ఒప్పుకోవడానికి పెట్టే కన్ఫర్మేషన్ తరగతులు నాలుగు ఆదివారాల్లో ముగించి ప్రభువు బల్లలో చేర్చేస్తారు. రెండోది వారి వైపు: పసిబిడ్డ నిర్ణయించుకోలేదు కనుక బాప్తిస్మం ఇవ్వమనే కొన్ని సంఘాలే, పెళ్లి కుదిరిన అమ్మాయిని ముహూర్తానికి వారం ముందు తొట్టిలో ముంచి పంపుతాయి. పెళ్లి ఆగిపోతుందన్న భయంతో తలూపిన అమ్మాయి ఏ నిర్ణయం తీసుకున్నట్టు? గింజలకోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో ఆగిన సంఘానికి వారసులు దీన్ని ఎలా ఒప్పుకుంటున్నారు?

ఒకే సంఘంలో రెండూ ఉండవచ్చని 1970లో ఏర్పడిన ఉత్తర ఇండియా సంఘం చూపించింది. అందులో శిశు బాప్తిస్మం ఇచ్చే ఆంగ్లికన్లతో పాటు బాప్టిస్టులు, బ్రదరన్ కూడా చేరారు. శిశు బాప్తిస్మం, విశ్వాసుల బాప్తిస్మం రెండింటికీ చోటిచ్చారు. 1982లో పెరూ దేశపు లిమాలో పలు సంఘాల వేదాంతులు ఒప్పుకున్న పత్రం కూడా రెండింటినీ గౌరవించి, తిరిగి బాప్తిస్మం ఇచ్చినట్టు అనిపించే పని ఏదీ చేయవద్దని కోరింది. నా అభిప్రాయమూ అదే. మొదటిది బాప్తిస్మమే కాదనుకునేవారికి ఇది తిరిగి ఇవ్వడం కాదని నాకు తెలుసు. అయినా తల్లిదండ్రులు కన్నీళ్లతో ఇప్పించినదాన్ని ‘అది చెల్లదు’ అనేటప్పుడు నోరు కాస్త వణకాలి.

బిడ్డను చర్చికి తీసుకెళ్లబోతున్న దంపతులకు నేను చెప్పేది ఇదే. ఏది చేయించాలో ఇద్దరూ ముందే మాట్లాడుకుని పెద్దలకు కలిసి చెప్పండి. ఆ వారంలో సమూయేలు మొదటి గ్రంథం మొదటి మూడు అధ్యాయాలు ఇంట్లో గట్టిగా చదవండి. బిడ్డ తరఫున నిలబడడానికి హోదా ఉన్న బంధువును కాకుండా, మీ ఊళ్లోనే ఉండి వాణ్ని ఆదివారపు బడికి చేయి పట్టుకుని తీసుకెళ్లగలిగే మనిషిని అడగండి. దేవుడు సమూయేలును పేరు పెట్టి పిలిచిన రాత్రి, చూపు మందగించిన ఏలీ చేసింది అంత పనే: పిల్లవాడు మూడోసారి లేచి వచ్చినప్పుడు పిలుస్తున్నది ఎవరో గ్రహించి, ఏమని జవాబివ్వాలో నేర్పి, వెళ్లి పడుకోమన్నాడు.